తపాలా గుమాస్తా కట్టిన జట్టు



మన సంఘం ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక ప్రముఖుని జీవితం గురించి రాయవలసిందిగా కార్యదర్శిగారు కోరారు. గాంధీగారి గురించి, విశ్వేశ్వరయ్యగారి గురించి, అల్లూరి గురించి మన మిత్రులు ఇదివరకే చక్కగా రాసి ఉన్నారు. నేను మాత్రం మనలో చాలామంది పేరు కూడా విని ఉండని ఒక పరదేశీయుని గురించి రాస్తున్నాను. ఆయన ఆటల మనిషి. ముప్పై ఏడేళ్ళు ఉత్తరాలు సార్టు చేసినవాడికి ఆటలతో ఏం పని అని మీరు అడగవచ్చు. ఆయన కూడా ఆటలోకి రాకముందు కొన్నేళ్ళు మనలాగే తపాలా కార్యాలయంలో కొలువు చేసినవాడే. ఇది మొదటి కారణం. రెండో కారణం నా సర్వీసులో నేను చేసిన ఒక తప్పు. దాన్ని సందర్భం వచ్చినప్పుడు చెబుతాను.

మా అబ్బాయి చికాగో దగ్గర ఉద్యోగం చేస్తున్నాడు. మేమిద్దరం అక్కడికి వెళ్ళినప్పుడు ఒక ఆదివారం మమ్మల్ని కారులో రెండు గంటల ప్రయాణం చేయించి, ఇండియానా రాష్ట్రంలో సౌత్‌బెండ్ అనే ఊరికి తీసుకువెళ్ళాడు. అక్కడ నోటర్‌డేమ్ అనే పెద్ద కాథలిక్ విశ్వవిద్యాలయం ఉంది. బంగారు రేకు తాపిన గోపురం, చెరువులు, చెట్లు చూసి మా ఆవిడ ముచ్చటపడింది. మా మనవడు మాత్రం గోపురం దగ్గర నిలవకుండా నన్ను చెయ్యిపట్టి స్టేడియం వైపు లాక్కుపోయాడు. ద్వారం దగ్గర ఒక కంచు విగ్రహం ఉంది. ఎవరని అడిగితే కోచ్ క్నూట్ రాక్నీ అన్నాడు. ఆయన మొదట చికాగో పోస్టాఫీసులో గుమాస్తా అని కూడా వాడే చెప్పాడు. అంతే, నా కాళ్ళు అక్కడ ఆగిపోయాయి. తర్వాత రెండు నెలలూ మా అబ్బాయి చేత లైబ్రరీ నుంచి పుస్తకాలు తెప్పించుకుని చదివాను.

రాక్నీ 1888 మార్చి 4న నార్వే దేశంలో వాస్ అనే కొండప్రాంతపు ఊళ్ళో పుట్టారు. తండ్రి గుర్రపు బండ్లు తయారుచేసే పనివాడు. 1893లో చికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనకు తండ్రి వచ్చి, అక్కడే స్థిరపడదలచి కుటుంబాన్ని రప్పించుకున్నారు. అప్పటికి మన రాక్నీకి అయిదేళ్ళు. భాష రాదు, డబ్బు లేదు. వీధి పిల్లలతో ఆడుతూనే ఇంగ్లీషు, ఫుట్‌బాలు రెండూ నేర్చుకున్నారు.

హైస్కూలు వదిలాక కాలేజీకి డబ్బు లేక చికాగో పోస్టాఫీసులో చేరారు. టపా విడదీసి, ఏ ఊరి సంచి ఏ బండికి వెళ్ళాలో చూసి పంపించే పని. ఆ పని ఎటువంటిదో మనకు వేరే చెప్పనక్కరలేదు. రైళ్ళ వేళలు నోటికి రావాలి, చెయ్యి ఆగకూడదు, ఒక్క క్షణం ఆలస్యమైతే బండి వెళ్ళిపోతుంది. అలా నాలుగేళ్ళు పనిచేసి వెయ్యి డాలర్లు కూడబెట్టారు. ఆ సొమ్ముతో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో చేరాలని అనుకున్నారు. స్నేహితులు నోటర్‌డేమ్‌కు వెళుతూ అక్కడ ఖర్చు తక్కువని చెబితే, 1910లో వారి వెంట వెళ్ళారు. అప్పటికాయనకు 22 ఏళ్ళు. తోటి విద్యార్థులకన్నా పెద్దవాడు, అప్పుడే బట్టతల కూడా మొదలైంది.

కాలేజీ జట్టులో చేరాలని వెళితే మొదటిసారి పనికిరావని పంపేశారు. ఆయన హాస్టలుకు తిరిగివచ్చి హాస్టలు జట్టులో ఆడారు. అక్కడ ఒక్కో హాస్టలుకు ఒక్కో జట్టు ఉండేది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇక్కడ ఆ ఆట గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. పేరుకు ఫుట్‌బాలే కానీ కాలితో తన్నేది తక్కువ. బంతి కోలగా ఉంటుంది. పక్షానికి పదకొండుమంది. బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి, పోలేకపోతే బంతి అవతలివారిది. మన కబడ్డీలో లాగే పట్టుకుని పడేస్తారు. ఆ రోజుల్లో బలిసినవాడిదే ఆట. ఎదుటివాణ్ణి గుద్దుకుంటూ పోవడమే యుద్ధతంత్రం. బంతిని గాలిలో ముందుకు విసరవచ్చునని 1906లో నియమం వచ్చినా ఎక్కువమంది దాన్ని నమ్ముకోలేదు.

1913 వేసవిలో రాక్నీ, ఆయన మిత్రుడు గస్ డొరే ఒహాయో రాష్ట్రంలో సీడర్‌పాయింట్ అనే సరస్సు ఒడ్డు విహారస్థలంలో పనికి కుదిరారు. పని లేని వేళల్లో ఇసుకలో ఒకరు విసరడం, ఇంకొకరు పరుగెత్తుతూ పట్టడం సాధన చేశారు. ఆ నవంబరు 1న సైనిక కళాశాల జట్టుతో ఆడినప్పుడు ఆ సాధన ఫలించింది. ఊరూపేరూ లేని నోటర్‌డేమ్ 35-13 తేడాతో గెలిచింది. డొరే విసిరిన 17 బంతుల్లో 14 చేతికందాయి. బంతి విసరడం వాళ్ళు కనిపెట్టినది కాదు. ఎవరూ శ్రద్ధపెట్టని పనిని వాళ్ళు శ్రద్ధగా నేర్చుకున్నారు, అంతే. ఆ సీడర్‌పాయింట్‌లోనే బానీ అనే అమ్మాయి పరిచయమైంది. 1914లో వివాహం జరిగింది. వారికి నలుగురు పిల్లలు.

అదే ఏడు ఫార్మసీలో మంచి మార్కులతో పట్టా పుచ్చుకుని, కాలేజీలోనే రసాయనశాస్త్రం బోధిస్తూ, జెస్సీ హార్పర్ అనే కోచ్ దగ్గర సహాయకుడిగా పనిచేశారు. 1918లో హార్పర్ పశువుల క్షేత్రం చూసుకోవడానికి కాన్సాస్ వెళ్ళిపోతూ, తన స్థానానికి రాక్నీయే తగినవాడని గట్టిగా చెప్పారు. అలా 30 ఏళ్ళ వయసులో జట్టు ఆయన చేతికి వచ్చింది.

ఎలాంటి సమయంలో వచ్చిందో చూడండి. ప్రపంచయుద్ధం నడుస్తోంది, కుర్రాళ్ళు సైన్యంలోకి పోయారు. పైగా ఇన్‌ఫ్లూయెంజా మహమ్మారి. ఆటలు వరుసగా రద్దయ్యాయి. ఆ ఏడు ఆరు ఆటలు మాత్రమే ఆడగలిగారు. మూడు గెలిచి, ఒకటి ఓడి, రెండు సమం చేశారు. కొత్తగా వచ్చినవాడికి ఇంతకన్నా చెడ్డ ఆరంభం ఉండదు. అయినా ఆయన తొందరపడలేదు. జట్టును ఎలా కట్టారన్నదే ఈ వ్యాసంలో అసలు విషయం.

మొదటిది, మనుషులను వెతకడం. పెద్ద విశ్వవిద్యాలయాలకు వెళ్ళే మల్లుల కోసం ఆయన చూడలేదు. నేను చెప్పిన హాస్టలు జట్లు ఉన్నాయి కదా, అక్కడి మైదానాల్లో నిలబడి చూసేవారు. తాను వచ్చింది అక్కడినుంచే.

రెండవది, ప్రాథమిక పాఠాలు. ఎలా నిలబడాలి, ఎలా అడ్డుకోవాలి, ఎలా పట్టి పడేయాలి అన్నవాటినే రోజూ మళ్ళీ మళ్ళీ చేయించేవారు. బరువు కన్నా వేగాన్ని, వేగం కన్నా సమయాన్ని నమ్మారు. బంతి కదిలే ముందు వెనుక నలుగురు ఒక్కసారిగా పక్కకు జరిగే పద్ధతిని ఎంత కచ్చితంగా నేర్పారంటే, దాన్ని అదుపు చేయడానికి నియమాలు రాసేవారు ఆటగాళ్ళు కదలక ఆగి తీరాలని కొత్త నిబంధన పెట్టవలసి వచ్చింది. 1924లో దేశమంతా పేరు మోగిన ఆయన నలుగురు ఆటగాళ్ళలో 75 కిలోలు దాటినవాడు ఒక్కడూ లేడు.

మూడవది, నన్ను నిద్రపోనివ్వనిది, రెండో జట్టు. ఆట మొదలయ్యేటప్పుడు ఆయన తన మేటి ఆటగాళ్ళను దింపేవారు కాదు. రెండో వరుస కుర్రాళ్ళను ముందు పంపేవారు. వాళ్ళు కాసేపు పోరాడి, ఎదుటివాళ్ళను అలసగొట్టాక మొదటి జట్టు దిగేది. ఇందులో తంత్రం ఉంది, నిజమే. కానీ దాని ఫలితం తంత్రం కన్నా పెద్దది. రెండో వరుసవాడు కూడా పెద్ద ఆటల్లో, వేలమంది ఎదుట, నిజమైన పని చేసేవాడు. 1925 జనవరి 1న కాలిఫోర్నియాలో రోజ్‌బౌల్ అనే మహా పోటీలో స్టాన్‌ఫర్డ్‌ను 27-10తో ఓడించిన రోజున కూడా మొదట దిగింది రెండో జట్టే.

పేరు వచ్చిన ఆ నలుగురూ ఒకసారి కొంచెం గర్వపడితే, వారి ముందు నిలబడి దారి చేసే ఏడుగురిని తీసివేసి రెండో వరుసవాళ్ళను పెట్టారని, నలుగురికీ అడుగు ముందుకు పడలేదని ఒక కథ చెబుతారు. ఎవరి వల్ల పేరు వచ్చిందో వాళ్ళకు ఆ పూట తెలిసివచ్చిందట.

ఇప్పుడు నా సంగతి. 1981లో నన్ను ఒక మెయిల్ ఆఫీసులో ఒక సెట్‌కు ఇన్‌ఛార్జిగా వేశారు. వెళ్ళేసరికి బకాయి టపా కుప్పలుగా ఉంది. కొత్తగా వచ్చినవాణ్ణి, పేరు తెచ్చుకోవాలి. చెయ్యి చురుకైన ముగ్గురిని ఎంచుకుని ముఖ్యమైన గూళ్ళన్నీ వారికే అప్పగించాను. కొత్తగా చేరిన కుర్రాళ్ళను సంచులు కట్టడానికి, లేబుళ్ళు అతికించడానికి పరిమితం చేశాను. మూడు నెలల్లో బకాయి తీరింది, పైనుంచి మెప్పు వచ్చింది. డిసెంబరు ఆఖరి వారం వచ్చింది. గ్రీటింగు కార్డుల రద్దీ మీకు తెలుసు. నా ముగ్గురిలో ఒకరికి కామెర్లు, ఒకరి ఇంట పెళ్ళి. ఆ రాత్రి ఒక కొత్త కుర్రవాణ్ణి కూర్చోబెట్టాను. కట్టలు తారుమారయ్యాయి, సరిచేసేలోగా బండి వెళ్ళిపోయింది. మర్నాడు ఆ అబ్బాయికి మెమో ఇచ్చి సంజాయిషీ అడిగాను. తనకు ఎవరూ ఆ గూళ్ళు నేర్పలేదని అతను రాయవచ్చు. రాయలేదు. తప్పు తనదేనని, మన్నించమని రెండు వాక్యాలు రాసి ఇచ్చాడు. నేను దాన్ని ఫైలు చేసి ఊరుకున్నాను. నేర్పవలసినవాణ్ణి నేనేనన్న సంగతి అప్పుడు నాకు తట్టలేదని చెబితే అబద్ధం అవుతుంది. తట్టింది, పక్కకు నెట్టేశాను.

మళ్ళీ రాక్నీ దగ్గరికి వస్తాను. ఆయన 13 సంవత్సరాల్లో 105 ఆటలు గెలిచారు, 12 మాత్రమే ఓడారు, 5 సమం చేశారు. 1919, 1920, 1924, 1929, 1930 సంవత్సరాల్లో ఒక్క ఆట కూడా ఓడలేదు. చుట్టుపక్కల పెద్ద విశ్వవిద్యాలయాల సంఘం నోటర్‌డేమ్‌ను తమలో చేర్చుకోలేదు. అలా అయితే ఊరూరా తిరిగి ఆడదామని న్యూయార్కు నుంచి కాలిఫోర్నియా దాకా రైళ్ళలో జట్టును తిప్పారు. తలుపు మూసినవారి వల్లే దేశమంతా ఆ జట్టుది అయింది. పొట్టచేత పట్టుకుని వలసవచ్చిన ఐరిష్, పోలిష్, ఇటాలియన్ కుటుంబాలు కాలేజీ గడప తొక్కకపోయినా అది తమ జట్టే అనుకున్నాయి.

అలాగని ఆయన దేవుడేమీ కాదు. 1926లో ఎనిమిది ఆటలు వరుసగా గెలిచాక, కార్నెగీ టెక్ అనే జట్టుతో ఆట తేలికని తలచి, దాన్ని సహాయకుడికి వదిలేసి, సైన్యం, నౌకాదళం జట్ల మధ్య పెద్ద పోటీ చూడడానికి ఆయన చికాగో వెళ్ళారు. ఇక్కడ పిట్స్‌బర్గులో ఆయన కుర్రాళ్ళు 19-0తో ఓడిపోయారు. 1928లో నాలుగు ఆటలు ఓడారు. అందులో ఒకటి మళ్ళీ కార్నెగీ టెక్ చేతిలో, సొంత మైదానంలోనే. 1905 తర్వాత సొంతగడ్డ మీద ఓడడం అదే మొదలు.

ఇంకొకటి కూడా దాచకుండా చెప్పాలి. జార్జి గిప్ అనే గొప్ప ఆటగాడు 1920 డిసెంబరులో 25 ఏళ్ళకే జబ్బుచేసి చనిపోయాడు. అతని చివరి కోరికంటూ ఒకటి 1928లో సైనిక జట్టుతో ఆట నాడు రాక్నీ కుర్రాళ్ళకు చెప్పి, వారిలో పౌరుషం నింపి 12-6తో గెలిపించారు. ఆ కోరిక విన్న మరో సాక్షి లేడు. నిజంగా అడిగాడా అని చరిత్రకారులకు సందేహమే. నాకు మాత్రం ఆ ఒక్క పూట మాటల కన్నా పదేళ్ళ ప్రాక్టీసే గొప్పదనిపిస్తుంది.

కొత్త స్టేడియం కోసం ఆయన యాజమాన్యాన్ని చాలా ఏళ్ళు అడిగి అడిగి ఒప్పించారు. అది కట్టే 1929లో సొంత మైదానం లేక అన్ని ఆటలూ పరాయి ఊళ్ళలోనే ఆడవలసి వచ్చింది. అదే ఏడు ఆయన కాలి రక్తనాళాల జబ్బుతో మంచం పట్టారు. కొన్ని ఆటలకు టెలిఫోనులోనే జట్టుతో మాట్లాడారు. కార్నెగీ టెక్‌తో పిట్స్‌బర్గులో ఆట వచ్చింది. ఈసారి డాక్టర్లు వద్దన్నా వినకుండా చక్రాల కుర్చీలో వెళ్ళి కూర్చున్నారు. 7-0తో గెలిచారు. ఆ సంవత్సరం ఒక్క ఆటా ఓడలేదు. 54 వేలమంది పట్టే కొత్త స్టేడియం 1930 అక్టోబరులో తెరిచారు. అందులో ఆయనకు దక్కింది ఒక్క సీజను.

1931 మార్చి 31న ఒక సినిమా పని మీద కాన్సాస్ సిటీ నుంచి లాస్ ఏంజెలెస్‌కు విమానం ఎక్కారు. ఆ ఊళ్ళో చదువుకుంటున్న ఇద్దరు కొడుకులను చూడాలనుకున్నారట. పిల్లలు వచ్చే రైలు ఆలస్యమై చూడలేకపోయారంటారు. రైళ్ళ వేళలు చూసుకుని బతికిన మనిషికి చివరికి ఇలా జరిగింది. కాన్సాస్ రాష్ట్రంలో బజార్ అనే పల్లె దగ్గర పొలాల్లో విమానం కూలి, ఎనిమిదిమందీ మరణించారు. ఆయన వయసు 43. దేశాధ్యక్షుడు హూవర్ సంతాపం తెలిపారు. ఆ విమానం రెక్క చెక్కతో చేసినది, లోపల జిగురు అతుకులు తేమకు చెడిపోయాయని విచారణలో తేలింది. జనాగ్రహం వల్ల తనిఖీలు కట్టుదిట్టమయ్యాయి, పూర్తి లోహపు విమానాల వైపు పరిశ్రమ త్వరగా మళ్ళింది.

ఇక ఆయన పోయాక ఏం మిగిలిందన్న ప్రశ్న వస్తుంది. ఆయన బతికుండగా వేసవుల్లో అనేక కాలేజీల్లో కోచ్‌లకు తరగతులు పెట్టి, తనకు తెలిసినదంతా దాచుకోకుండా చెప్పేవారు. ఎదుటి జట్ల కోచ్‌లకు కూడా. ఆయన దగ్గర ఆడినవారు దేశమంతటా కోచ్‌లయ్యారు. ఆయన మొదటి ఏడు జట్టులో ఆడిన కర్లీ లాంబో మరుసటి సంవత్సరమే గ్రీన్‌బే ఊళ్ళో ప్యాకర్స్ జట్టు స్థాపించడంలో ముందున్నాడు. అది నేటికీ ఉంది. ఫ్రాంక్ థామస్ అలబామాలో, ఆ నలుగురిలోని జిమ్ క్రౌలీ ఫోర్డమ్‌లో శిక్షణ ఇచ్చారు. ఎల్మర్ లేడెన్ నోటర్‌డేమ్‌కే కోచ్‌గా తిరిగి వచ్చాడు.

అందరిలోకీ నన్ను కదిలించింది ఫ్రాంక్ లేహీ. 1930లో మోకాలు దెబ్బతిని ఆడలేకపోయిన కుర్రవాడు. రాక్నీ తన చికిత్సకు వెళుతూ అతన్ని కూడా మేయో ఆసుపత్రికి వెంట తీసుకువెళ్ళారు. ఆటకు ఇక పనికిరాని ఆ కుర్రవాడే తర్వాత నోటర్‌డేమ్ కోచ్ అయి, 1943, 1946, 1947, 1949 సంవత్సరాల్లో జట్టును దేశానికే మొదటి స్థానంలో నిలబెట్టాడు. జట్టు కట్టడమంటే ఇదే కాబోలు. మనం ఎంచుకున్న ముగ్గురితో గెలవడం సులువు. మనం లేనినాడు నాలుగోవాడు నిలబడగలడా అన్నదే లెక్క.

మన శాఖవారు సంతోషించే ఒక సంగతి చెప్పి ముగిస్తాను. 1988 మార్చిలో, ఆయన పుట్టి నూరేళ్ళయిన సందర్భంగా, అమెరికా తపాలా శాఖ రాక్నీ బొమ్మతో 22 సెంట్ల స్టాంపు విడుదల చేసింది. సినిమాలో గిప్ వేషం వేసిన నటుడు రోనాల్డ్ రీగన్ అప్పటికి దేశాధ్యక్షుడై, స్వయంగా నోటర్‌డేమ్ వచ్చి ఆ సభలో పాల్గొన్నారు. ఒకనాడు చికాగోలో ఉత్తరాలు విడదీసిన మనిషి ఉత్తరాల మీదికే ఎక్కాడు. మా మనవడు ఆ స్టాంపు ఒకటి ఎక్కడో సంపాదించి నాకు ఇచ్చాడు. దాన్ని నా పెన్షను పుస్తకంలో పెట్టుకున్నాను.

నేను మెమో ఇచ్చిన ఆ కుర్రవాడు కూడా పెద్దవాడై, మంచి పేరుతో రిటైరయ్యారు. తన కింద చేరిన కొత్తవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని గూళ్ళు నేర్పేవారని తర్వాత విన్నాను. అది నా దగ్గర నేర్చుకున్నది కాదు, నా దగ్గర దొరకనందువల్ల నేర్చుకున్నది. ఆయన మన సంఘంలో సభ్యులు. ఈ సంచిక ఆయన ఇంటికి కూడా టపాలో చేరుతుంది. పేరు రాయడం లేదు, చదివితే ఆయనకు తెలుస్తుంది.

ఆ రోజు సంజాయిషీ ఇచ్చుకోవలసినవాణ్ణి నేను. నలభై ఏళ్ళు దాటాక ఇప్పుడు ఇస్తున్నాను. స్వీకరించగలరు.